బోర్డరా, బౌండరీయా, లిమిటా? ‘హద్దు’కు సరైన ఇంగ్లిష్ మాట ఎంచుకోవడం ఎలా

కొన్నేళ్ల కిందట ఒక స్థలం సర్వే రిపోర్టును ఇంగ్లిష్‌లోకి మార్చే పని ఒప్పుకున్నాను. తెలుగులో ‘సరిహద్దు’ అని కనిపించిన ప్రతిచోటా ‘బోర్డర్’ అని కొట్టుకుంటూ పోయాను. తూర్పు బోర్డర్, పడమటి బోర్డర్, బోర్డర్ రాళ్లు. దాన్ని సరిచూసిన పెద్దాయన మొదటి పేజీ మీదే ఎర్ర ఇంకుతో ఒక ప్రశ్న రాసి పంపారు: “ఈ రెండు స్థలాల మధ్య సైన్యం కూడా కాపలా ఉందా?”

గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. స్పెల్లింగులూ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా అక్కడ ‘బౌండరీ’ అనాల్సింది ‘బోర్డర్’ అనడమే.

తెలుగులో మనం ఈ తప్పు చేయం. హద్దు, సరిహద్దు, ఎల్ల, మేర, పొలిమేర, అంచు, అవధి, పరిమితి అని ఇన్ని మాటలున్నా, ‘గ్లాసు పొలిమేర’ అని గానీ ‘కత్తి సరిహద్దు’ అని గానీ ఎవరూ అనరు. ఎక్కడ ఏది పడుతుందో చెవికి తెలుసు. ఇంగ్లిష్‌లో ఆ చెవి లేనివాళ్లకు పర్యాయపదాల నిఘంటువు పెద్దగా సాయపడదు. బోర్డర్, బౌండరీ, ఫ్రాంటియర్, లిమిట్, ఎడ్జ్, మార్జిన్, వెర్జ్, బ్రింక్ అని అన్నిటినీ ఒకే వరసలో కూర్చోబెట్టి, నచ్చింది తీసుకోమంటుంది.

నాకు పనికొచ్చిన చిట్కా ఒకటుంది. ఈ మాటల్లో ప్రతిదాని వెనకా ఒక మనిషిని నిలబెట్టి చూడండి. బౌండరీ గీత గీసేవాడి మాట. బోర్డర్ దాన్ని దాటేవాడి మాట. ఫ్రాంటియర్ ఇంకా ముందుకు పోదామనుకునేవాడిది. లిమిట్ ఆగాల్సి వచ్చినవాడిది. ఎడ్జ్, బ్రింక్ కింద పడతానేమోనని చూసుకునేవాడివి. ఈ కింది అడుగులన్నీ ఆ మనిషిని పట్టుకోవడానికే.

మొదటి అడుగు: దానికి వెడల్పు ఉందా?

మాట వెతికే ముందు ఆ హద్దు బొమ్మను ఒకసారి మనసులో గీసుకోండి. అది సన్నటి గీతా, కాస్త వెడల్పున్న పట్టీయా, వస్తువు అయిపోయే చోటా, లేక కంటికి కనిపించని అంకె మాత్రమేనా?

గీత అయితే బౌండరీ, లేదా మామూలుగా లైన్. వస్తువు అయిపోయే చోటైతే ఎడ్జ్. గ్లాసు, చక్రం లాంటి గుండ్రటి వాటికి రిమ్. అంకె అయితే లిమిట్. పట్టీ అయితే బోర్డర్, మార్జిన్, ఫ్రింజ్‌లలో ఒకటి. బోర్డర్ మాత్రం రెండు వైపులా ఉంటుంది: మ్యాపులో అది గీత, బట్ట మీద అది పట్టీ. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, మూలంలో దాని అర్థం ‘పక్క, అంచు’. ఓడ పక్కభాగాన్ని చెప్పే ‘బోర్డ్’ కూడా దాని చుట్టమే.

బోర్డర్‌కూ మార్జిన్‌కూ తేడా ఎప్పుడూ తికమక పెడుతుంటే, వెబ్‌పేజీలు తయారుచేసేవాళ్ల పెట్టెను గుర్తుపెట్టుకోండి. సీఎస్ఎస్ భాషలో పేజీ మీది ప్రతి వస్తువూ ఒక పెట్టె. మధ్యలో కంటెంట్, దాని చుట్టూ కాస్త ఖాళీగా పాడింగ్, ఆ చుట్టూ బోర్డర్, బోర్డర్‌కు బయట మార్జిన్. బోర్డర్‌కు మందం ఇవ్వొచ్చు, రంగు ఇవ్వొచ్చు, చుక్కల గీతలా మార్చొచ్చు. మార్జిన్‌కు మాత్రం రంగు వేయలేరు. అది ఎప్పుడూ పారదర్శకంగానే ఉంటుంది. పెట్టెకు ఎరుపు రంగు బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చి చూడండి: పాడింగ్ దాకా ఎర్రబడుతుంది, బోర్డర్ కిందికి కూడా పాకుతుంది, మార్జిన్ దగ్గర టక్కున ఆగిపోతుంది. అంటే బోర్డర్ ఆ వస్తువులో భాగం. మార్జిన్ దాని చుట్టూ వదిలిపెట్టిన జాగా.

ఈ ‘వదిలిపెట్టిన జాగా’ అన్న భావమే మార్జిన్ వెళ్లిన ప్రతిచోటికీ వెంట వెళ్లింది. నోటుబుక్కులో ఎడమవైపు వదిలేది మార్జిన్. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య మిగిలేది ప్రాఫిట్ మార్జిన్. గెలిచినవాడికీ ఓడినవాడికీ మధ్య దూరం విక్టరీ మార్జిన్. కొలతలో ఇంత అటూఇటూ కావచ్చని వదిలేది మార్జిన్ ఆఫ్ ఎర్రర్. గణిత శాస్త్రవేత్త ఫెర్మా 1637 ప్రాంతంలో ఒక పుస్తకం మార్జిన్‌లో ఒక సిద్ధాంతం రాసి, దాని నిరూపణ తన దగ్గర ఉందనీ, అది రాయడానికి ఈ మార్జిన్ సరిపోదనీ రాసిపెట్టాడు. ఆ సిద్ధాంతానికి నిరూపణ ఆండ్రూ వైల్స్ చేతిలో 1990లలో గానీ తేలలేదు. ఇక్కడ మన పనికి అందే సంగతి ఇంతే: మార్జిన్‌లో రాయొచ్చు, అది చాలకపోవచ్చు కూడా. బౌండరీలో అలా రాయలేం, ఎందుకంటే దానికి వెడల్పే లేదు.

ఫ్రింజ్ గురించి ఒక ముక్క చాలు. కుచ్చులుగా వేలాడే అంచు అది. మనుషులకు వాడితే ప్రధాన స్రవంతికి దూరంగా ఉన్నవాళ్లని. చాలాసార్లు అందులో కాస్త చిన్నచూపు కూడా ఉంటుంది, చూసి వాడండి.

రెండో అడుగు: గీసేవాడా, దాటేవాడా?

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం.

ఇంటి స్థలాలకు, పొలాలకు, స్కూలు ఆవరణకు, నియోజకవర్గాలకు, భూమి పైపొరలోని పలకలకు ఉండేది బౌండరీ. ఇది ఎక్కడిదాకా, అది ఎక్కడినుంచి అని తేల్చే గీత. కొలిచి గీసింది. అక్కడ చెక్‌పోస్ట్ ఉండదు, పాస్‌పోర్ట్ అడగరు. దేశాల మధ్య మనుషులు నడిచి దాటేది, సరుకు ఆగేది, గేటు మూసేది బోర్డర్. రాష్ట్రాల మధ్య దాటే చోటును కూడా బోర్డర్ అనొచ్చు.

రెండూ ఒకే గీత మీద పడినప్పుడు తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. 1947లో భారత్, పాకిస్తాన్‌ల మధ్య గీత గీయడానికి రాడ్‌క్లిఫ్ అధ్యక్షతన వేసినవి బౌండరీ కమిషన్లు. ఆ గీతను ఆగస్టు 17న ప్రకటించారు. 1965 డిసెంబర్ 1న అదే గీతను కాపాడటానికి పుట్టింది మాత్రం బోర్డర్ సెక్యూరిటీ ఫోర్స్. గీసినవాళ్లకు బౌండరీ, కాపలా కాసేవాళ్లకు బోర్డర్. అమెరికా, కెనడాల మధ్య కూడా అంతే. గీతను సరిచూసి, గుర్తురాళ్లు బాగుచేసి, గీత వెంబడి చెట్లు కొట్టించే సంస్థ పేరులో బౌండరీ ఉంటుంది. కారు ఆపి కాగితాలు అడిగేవాళ్ల పేరులో బోర్డర్ ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. రెండు పక్షాలూ ఒప్పుకోని గీతను బోర్డర్ అని రాస్తే అది మాటల తప్పుగానే మిగలదు, ఒక పక్షం వాదనను ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే కశ్మీర్‌లో ఉన్నది లైన్ ఆఫ్ కంట్రోల్. 1972 సిమ్లా ఒప్పందం తర్వాత ఆ పేరు వచ్చింది. వార్త రాసేటప్పుడు, అనువాదం చేసేటప్పుడు ఇలాంటి చోట ఉన్న పేరునే వాడండి, సొంత పర్యాయపదం వద్దు.

బౌండరీ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది క్రికెట్టే కదా. అందులో ఒక మెలిక ఉంది. మనం బౌండరీ అంటే నాలుగు పరుగులు, సిక్సర్ వేరు. ఇంగ్లిష్‌లో, ఆట నియమాల్లో కూడా, ఫోర్, సిక్స్ రెండూ బౌండరీలే. మైదానం చివర ఉండే తాడు కూడా బౌండరీయే. 2019 ప్రపంచ కప్ ఫైనల్లో మ్యాచ్ టై, సూపర్ ఓవర్ కూడా టై అయినప్పుడు, ఇంగ్లండ్ 26–17 తేడాతో ‘బౌండరీ కౌంట్’ మీద గెలిచిందన్నారు. ఆ లెక్కలో ఫోర్లు, సిక్సర్లు కలిపే ఉన్నాయి. ఇంగ్లిష్ కామెంటరీని తెలుగు చేసేవాళ్లు ఈ ఒక్కటి పట్టించుకుంటే చాలు, లెక్కలు తప్పవు.

మనుషుల మధ్య బౌండరీలు

దీన్ని అడుగుగా లెక్కపెట్టను, కానీ దాటి పోవడానికి లేదు. ఈమధ్య ఎక్కడ చూసినా ‘సెట్ బౌండరీస్’ అన్న మాట. దాన్ని తెలుగులో ‘హద్దులు పెట్టండి’ అని రాసేస్తున్నారు. అర్థం తలకిందులైపోతోంది. తెలుగులో హద్దులు పెట్టడం అంటే ఎదుటివాడికి ఆంక్షలు పెట్టడం: ‘పిల్లలకు హద్దులు పెట్టారు’. ఇంగ్లిష్‌లో ఈ అర్థంలో బౌండరీ పెట్టుకునేది నా కోసం నేను. ‘రాత్రి తొమ్మిది దాటాక ఆఫీసు ఫోన్లు ఎత్తను’ అన్నది బౌండరీ. ‘నువ్వు రాత్రి తొమ్మిది దాటాక ఎవరికీ ఫోన్ చేయకూడదు’ అన్నది కాదు. అది పెత్తనం. తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘నాకు ఎంతవరకు సమ్మతమో ముందే చెప్పడం’ అని విప్పి రాయడమే నయం. ఈ అర్థంలో ఆ మాట దాదాపు ఎప్పుడూ బహువచనంలోనే ఉంటుందని కూడా గమనించండి.

మూడో అడుగు: ముందు ఖాళీ ఉందా?

హద్దుకు అవతల ఇంకో దేశం, ఇంకో స్థలం కాక, ఇంకా ఎవరూ పూర్తిగా చూడనిది ఉంటే అప్పుడు ఫ్రాంటియర్. లాటిన్‌లో నుదురు అన్న మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ముఖం అటు తిప్పి నిలబడటం అన్న భావం అందులో ఇప్పటికీ ఉంది. అమెరికాలో ఫ్రాంటియర్ అంటే పడమటి వైపు జరుగుతూ పోయిన స్థిరనివాసాల అంచు. అలాంటి ఫ్రాంటియర్ గీత ఇక లేదని 1890 జనాభా లెక్కలు చెబితే, ఆ ముక్క పట్టుకునే 1893లో చరిత్రకారుడు టర్నర్, అమెరికా స్వభావాన్ని మలిచింది ఆ ఫ్రాంటియరేనన్న తన వాదన వినిపించాడు. శాస్త్రవిజ్ఞానానికి వాడే ‘ఫ్రాంటియర్స్ ఆఫ్ సైన్స్’ ఈ కోవలోదే. అక్కడ బోర్డర్ పెడితే నవ్వొస్తుంది.

బ్రిటిష్ ఇంగ్లిష్‌లో మాత్రం ఫ్రాంటియర్ అంటే మామూలు దేశ సరిహద్దు కూడా. బ్రిటిష్‌వాళ్ల పాలనలో 1901లో ఏర్పడిన నార్త్ వెస్ట్ ఫ్రాంటియర్ ప్రావిన్స్ పేరు అలా వచ్చిందే. 2010లో దాన్ని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాగా మార్చారు. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను మనం సరిహద్దు గాంధీ అంటాం. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఆయన ఫ్రాంటియర్ గాంధీయే, బోర్డర్ గాంధీ కాడు.

ఫ్రెంచిలో ఈ మాటకు అంత రొమాన్స్ లేదు, ఉత్త సరిహద్దే. అందుకే 1971లో ఫ్రాన్స్‌లో పుట్టిన వైద్య సేవాసంస్థ ‘మెడిసాఁ సాఁ ఫ్రాంతియేర్’ ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అయింది. అనువదించినవాళ్ల చెవి మంచిది. ఫ్రాంటియర్స్ అని ఉంచేసి ఉంటే ఇంగ్లిష్ చెవికి అర్థం పక్కకు జరిగేది.

పలికేటప్పుడు మనం ‘ఫ్రాంటియర్’ అని సాగదీస్తాం గానీ, ఇంగ్లిష్‌వాళ్ల నోట మొదటి అచ్చు ‘ఫ్రంట్’లోని అచ్చే.

నాలుగో అడుగు: అంకె ఉంటే లిమిట్

వేగం, సమయం, వయసు, బరువు, ఖర్చు, ఓపిక. వీటికి గీత గీయలేం, ఇంత అని చెప్పగలం. అందుకే స్పీడ్ లిమిట్, టైమ్ లిమిట్, ఏజ్ లిమిట్. కంపెనీ పేరు చివర లిమిటెడ్ అని ఉండేదీ ఇందుకే: కంపెనీ మునిగితే వాటాదారు నష్టపోయేది తన వాటా మేరకే, ఆ పైన అతని సొంత ఆస్తి జోలికి రారు.

లిమిట్ మన నోట్లో బాగా నలిగిన మాట కాబట్టి జారిపడేది కూడా ఇక్కడే. ‘లిమిట్ క్రాస్ చేస్తున్నావ్’ అని తెలుగులో గట్టిగానే అంటాం. అదే మాటను ఇంగ్లిష్‌లో ‘యూ ఆర్ క్రాసింగ్ యువర్ లిమిట్స్’ అంటే మన దేశంలో అర్థమవుతుంది గానీ బయటివాళ్లు ఒక్క క్షణం తడుముకుంటారు. వాళ్లనేది ‘క్రాసింగ్ ది లైన్’, లేదా ‘గోయింగ్ టూ ఫార్’. లిమిట్‌ను వాళ్లు దాటరు, మించుతారు. అందుకే దాని పక్కన ‘ఎక్సీడ్’ అన్న క్రియ వస్తుంది.

‘బోర్డర్‌లో పాసయ్యాడు’ కూడా ఇలాంటిదే. ‘హి పాస్డ్ ఇన్ బోర్డర్’ అని నేనూ ఒకప్పుడు అనేవాణ్ని. ‘హి స్క్రేప్డ్ త్రూ’ అనండి, గీసుకుంటూ బయటపడ్డాడని. అటో ఇటో తేలని మార్కులైతే ‘బోర్డర్‌లైన్’ అని విశేషణంగా వాడండి. డాక్టరు రిపోర్టు చూసి షుగర్ బోర్డర్‌లో ఉందన్నారని చెప్పాల్సి వచ్చినా ఆ మాటే.

ఐదో అడుగు: పడిపోయే భయం ఉందా?

ఎడ్జ్ అంటే పూర్వం కత్తి అంచు. పదును అన్న అర్థం ఇంకా దాన్ని వదల్లేదు. ‘ఆన్ ఎడ్జ్’ అంటే టెన్షన్‌గా ఉండటం. ‘ఆన్ ది ఎడ్జ్’ అంటే నిజంగానే అంచున ఉండటం. ఒక్క ‘ది’ తేడా. ‘హ్యావ్ యాన్ ఎడ్జ్ ఓవర్’ అంటే పైచేయి, కాస్త మొగ్గు. మూడింటికీ తెలుగులో ఒకే ‘అంచు’ వాడితే కుదరదు.

వెర్జ్, బ్రింక్ కవలల్లా కనిపిస్తాయి, కావు. బ్రింక్ అంటే నిటారు గట్టు అంచు. ఇంకో అడుగు వేస్తే కిందే. అందుకే యుద్ధం, దివాలా, అంతరించిపోవడం లాంటి చెడ్డ వాటికే ఎక్కువగా వస్తుంది. వెర్జ్‌కు ఆ పట్టింపు తక్కువ. ‘ఆన్ ది వెర్జ్ ఆఫ్ టియర్స్’ అనొచ్చు, ‘ఆన్ ది వెర్జ్ ఆఫ్ సక్సెస్’ కూడా అనొచ్చు. ఏడుపు దగ్గర బ్రింక్ కూడా తప్పు కాదు, కానీ మరీ పెద్ద ప్రమాదంలా వినిపిస్తుంది.

ఒకే వాక్యంలో మాట మార్చి చూస్తే ఇది చేతికి అందుతుంది. ‘ది కంపెనీ ఈజ్ ఆన్ ది’ అని మొదలుపెట్టి, వెర్జ్ ఆఫ్ క్లోజింగ్ అంటే మూత పడబోతోంది. బ్రింక్ ఆఫ్ క్లోజర్ అన్నా దాదాపు అదే, కానీ గుండెలు బాదుకుంటున్నట్టు. ఫ్రింజ్ ఆఫ్ ది మార్కెట్ అంటే మార్కెట్లో ఎక్కడో మూలనుంది. అక్కడ లిమిట్ పెట్టి చూడండి, వాక్యం నిలబడదు.

ఆరో అడుగు: పక్కన వచ్చే చిన్న మాటలు

నామవాచకం సరిగ్గా పడినా, దాని పక్కన వచ్చే క్రియలు, చిన్న మాటలు తప్పితే అంతా పోతుంది. ‘బోర్డర్స్’ అని క్రియగా వాడితే ఆనుకుని ఉందని అర్థం, పక్కన ఏమీ అక్కర్లేదు: నేపాల్ బోర్డర్స్ ఇండియా. దానికి ‘ఆన్’ తగిలిస్తే మాత్రం అర్థం మారుతుంది. ‘హిజ్ జోక్ బోర్డర్స్ ఆన్ రూడ్‌నెస్’ అంటే ఆ జోకు దాదాపు మొరటుతనమే అని. లిమిట్స్‌కు ‘వితిన్’ జోడీ. బౌండరీస్‌ను ‘పుష్’ చేస్తారు, అంటే ఇంతవరకే అనుకున్నదాన్ని ఇంకా ముందుకు నెట్టడం. ఇది మెచ్చుకోలు, తిట్టు కాదు. ‘ఆఫ్ లిమిట్స్’, ‘అవుట్ ఆఫ్ బౌండ్స్’ రెండూ ప్రవేశం లేదనే. మొదటిది అమెరికాలో, రెండోది బ్రిటన్‌లో ఎక్కువ.

ఏడో అడుగు: ‘బౌండ్’ కనిపిస్తే ఆగండి

బౌండరీకి తల్లి ‘బౌండ్’. కానీ అదే స్పెల్లింగుతో నాలుగు వేర్వేరు మాటలున్నాయి, వేర్వేరు చోట్ల పుట్టి ఒకే చొక్కా తొడుక్కున్నాయి. హద్దు అన్నది ఒకటి. ‘బై లీప్స్ అండ్ బౌండ్స్’లో ఉన్నది గంతు, హద్దు కాదు. ‘నార్త్ బౌండ్ ట్రైన్’లో ఉన్నది బయల్దేరిన దిక్కు. ‘బౌండ్ బై ది కాంట్రాక్ట్’లో ఉన్నది కట్టుబడటం, కట్టు అన్న క్రియలోంచి వచ్చింది. ‘ఆ భాష హద్దుల మేరకు ఎదుగుతోంది’ అని ఒకచోట చదివి బుర్ర గోక్కున్నాను. అసలు వాక్యంలో ఉన్నది గంతులే, అంటే శరవేగంగా ఎదుగుతోందని.

స్పెల్లింగులో ఇంకో రెండు. తెలుగులో బోర్డర్ అని ఒకేలా రాసేవి ఇంగ్లిష్‌లో రెండు: ‘బి, ఓ’ తర్వాత ‘ఏ’ అక్షరం దూరితే హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థి అవుతాడు. బౌండరీలో ‘డి’కీ ‘ఆర్’కీ మధ్య ‘ఏ’ ఉంటుంది. మనం ‘బౌండ్రీ’ అని పలుకుతాం కాబట్టి రాతలో దాన్ని మింగేస్తాం.

చేతిలో ఉన్న వాక్యంతో ఒకసారి

ఈ తెలుగు ముక్క తీసుకుందాం: ‘వాళ్ల పొలం హద్దు నది అంచు దాకా ఉంది. నది దాటితే పక్క దేశం సరిహద్దు. అక్కడికి వెళ్లడానికి పరిమితులున్నాయి. అడిగితే కాపలావాడు హద్దు మీరి మాట్లాడాడు.’

మొదటి హద్దు గీసింది, కొలిచింది: బౌండరీ. నది అంచు దగ్గర ఎడ్జ్ అనాలనిపిస్తుంది, తప్పు కాదు. కానీ నదికి సొంతంగా ‘బ్యాంక్’ అన్న మాట ఉంది, సముద్రమైతే ‘షోర్’. సొంత మాట ఉన్నచోట సాధారణ మాట తేలిపోతుంది. మూడోది మనుషులు దాటేది: బోర్డర్. పరిమితులు దగ్గర లిమిట్స్ అని చేయి పోతుంది, ఆపండి. ఇక్కడ అంకె లేదు, ఉన్నది ఆంక్ష: రిస్ట్రిక్షన్స్. చివరి హద్దు మీరడం: క్రాస్డ్ ది లైన్. తెలుగులో హద్దు రెండుసార్లు, దాని చుట్టాలు మూడుసార్లు వస్తే, ఇంగ్లిష్‌లో ఐదు చోట్లా ఐదు వేరే మాటలు పడ్డాయి.

ఇంతకీ మన ‘హద్దు’ అరబ్బీ మాట. ‘సరిహద్దు’ పారసీ ‘సర్హద్’ నుంచి వచ్చింది, అందులో ముందున్నది తల అన్న అర్థం గల ‘సర్’. మనవాళ్లు దాన్ని ‘సరి’ చేసి సొంతం చేసుకున్నారు. బోర్డర్ల గురించిన మాటలు ఏ బోర్డర్ దగ్గరా ఆగినట్టు లేదు. నా సర్వే రిపోర్టులో మాత్రం నలభై చోట్ల బోర్డర్ కొట్టేసి బౌండరీ రాయాల్సి వచ్చింది. ఒక్కచోట, నాలుగో పేజీలో, అసలు తెలుగులోనే ‘గట్టు’ అని ఉంది. దాన్ని కూడా బోర్డర్ చేసేశానని అప్పుడు చూసుకున్నాను.